ముళ్ళపంది హెడ్మాస్టరు తీసేసిన పాట గంట

అనగనగా ఒక అడవిలో ఒక బడి. ఏమర్రా, అప్పుడే ఇకఇకలా? అడవిలో బడి ఉండకూడదా? చదువుల బాధ మీకొక్కళ్ళకే అనుకున్నారా? సరే, నవ్వడం అయ్యాక చెప్పండి, మొదలుపెడతాను.

ఆ బడికి హెడ్మాస్టరు ఒక ముళ్ళపంది. పేరు శూలపాణి గారు. చెడ్డవాడు కాదు పాపం, కానీ ఉత్త కంగారు మనిషి. ముళ్ళపందిని మనిషి అన్నానని మళ్ళీ నవ్వకండి! పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా ఆయన ఎక్కాలు చెప్పేవాడు. ఒకే గొంతుతో, ఊపిరి పీల్చకుండా చెప్పుకుంటూ పోయేవాడు. మూడో ఎక్కం దాటేసరికి ఎలుగు పిల్ల గుర్రు పెట్టేది. ఐదో ఎక్కం దాటేసరికి బడంతా గుర్రు పెట్టేది.

మధ్యాహ్నం పాట గంట. పాట టీచరు ఒక పికిలిపిట్ట, పేరు రాగమ్మ. పిడికెడు ఉంటుంది, గొంతు మాత్రం కొండ అవతలికి వినపడుతుంది. ఎండిన సొరకాయ బుర్ర ముందు పెట్టుకుని ముక్కుతో టకటకా తాళం వేస్తూ పాడించేది. వాన పాట, వెలగపండు పాట, ఊరికే అరిచే పాట, అన్నీ ఉండేవి. వాటి మధ్యలో ఎక్కాల పాట కూడా ఒకటి. నిజం చెప్పాలంటే ఆ పిల్లలకు వచ్చిన ఎక్కాలన్నీ అలా వచ్చినవే. కానీ శూలపాణి గారికి ఆ సంగతి తెలియదు. ఎందుకంటే పాట గంట మొదలవగానే ఆయన పుట్ట చాటుకెళ్ళి కునుకు తీసేవాడు. లేచి వచ్చి అడిగితే పిల్లలు గడగడా ఒప్పజెప్పేవాళ్ళు. "చూశారా, నా చదువు చెప్పడం అంటే అదీ!" అని మురిసిపోయేవాడు.

ఆయనకు ఒక్కగానొక్క కూతురు బుల్లిముల్లు. అదీ ఆ బడిలోనే చదువుతోంది. దానికి మాట తడబడేది. ఒక్క మాట బయటికి రావాలంటే మూడుసార్లు తలుపు కొట్టాలి పాపం. వాళ్ళ నాన్నకేమో ఆగే ఓపిక లేదు.

"నా... నా... నాన్నా, దా... దా..."

"దాహమా? అదుగో నీళ్ళు," అనేసి వెళ్ళిపోయేవాడు.

అది దానిమ్మకాయ అడగబోయింది. నీళ్ళు తాగి ఊరుకునేది.

కానీ పాట గంటలో దాని గొంతు ఎక్కడా ఆగేది కాదు. తేనె జారినట్టు జారేది. అందుకే రాగమ్మ దాన్ని ముందు వరసలో నిలబెట్టి, "నువ్వు ఎత్తుకో తల్లీ, మేమందరం నీ వెనకాల వస్తాం," అనేది. రోజు మొత్తంలో బుల్లిముల్లు నోరు తెరిచి హాయిగా ఉండేది ఆ గంటసేపే.

ఇలా ఉండగా ఒకనాడు సింహం గారి దగ్గరనుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఏముందీ అందులో? "నెల రోజుల్లో ఇన్‌స్పెక్టరు వస్తాడు. పిల్లలకు ఎక్కాలు రాకపోతే మీ బడి మూసేసి, మడుగు అవతల మొసలి గారి బడిలో కలిపేస్తాం," అని ఉంది.

శూలపాణి గారి గుండెల్లో రాయి పడింది. పడదా మరి? మొసలి మకరయ్య గారి బడిలో చేరిన పిల్లలు చాలామందే ఉన్నారు. చదువు ముగించుకుని బయటికొచ్చిన పిల్లను మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

ఆయన కంగారుగా రాగమ్మ దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, పాటకు మార్కులు ఉన్నాయా?" అని అడిగాడు.

"లేవండీ," అంది రాగమ్మ.

"ఇన్‌స్పెక్టరు పాట అడుగుతాడా?"

"అడగడండీ."

"మరి ఎందుకమ్మా ఆ పాట? రేపటినుంచి ఆ గంట కూడా ఎక్కాలే!"

రాగమ్మ ఒక్క క్షణం ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఆకలికి కూడా మార్కులు లేవు హెడ్మాస్టరు గారూ. మరి అన్నం మానేస్తారా?" అంది. సొరకాయ బుర్ర తీసుకుని, బడి అవతల ఉన్న మోదుగ చెట్టు మీదికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం బుల్లిముల్లు వాళ్ళ నాన్న దారికి అడ్డం నిలబడింది. "నా... నాన్నా, పా... పా..."

"పాలా? ఇంట్లో ఉన్నాయి, తాగు," అన్నాడాయన, నడుస్తూనే.

ఇక చూడండి ఆయన గారి తిప్పలు. మొదటి వారం పొద్దున ఎక్కాలు, మధ్యాహ్నం ఎక్కాలు. పిల్లలు ఇదివరకు ఒక పూట నిద్రపోయేవాళ్ళు, ఇప్పుడు రెండు పూటలా నిద్రపోయారు.

రెండో వారం పిల్లలే తెలివి తెచ్చుకుని, ఎక్కం మరిచిపోయినప్పుడల్లా మెల్లగా పాట అందుకోవడం మొదలుపెట్టారు. ఆయన చెవిన పడింది. "ఎవర్రా అది? బడిలో రాగం తీస్తే ఒంటికాలి మీద నిలబెడతాను!" అని అరిచాడు.

కొంగ పిల్ల లేచి, "మాస్టారూ, నేను ఎప్పుడూ అలాగే కదండీ నిలబడేది?" అంది.

"ఎదురు చెబుతావా? అయితే నువ్వు రెండు కాళ్ళ మీద నిలబడు!"

పాపం కొంగ పిల్ల సాయంత్రం దాకా రెండు కాళ్ళ మీద నిలబడి ఒకటే ఏడుపు.

మూడో వారం పిల్లలు నోరు మూసుకుని, తోకతో తాళం వేసుకున్నారు. తోక లేనివాళ్ళు కాలితో వేసుకున్నారు. అదీ కనిపెట్టేశాడు మహానుభావుడు! "తోక ఊపరాదు. తల ఊపరాదు. కాలు కదపరాదు," అని బండ మీద సుద్దముక్కతో రాయించాడు. పిల్లలు కొయ్యబొమ్మల్లా కూర్చున్నారు. దాంతో వచ్చిన ఎక్కాలు కూడా పోయాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు చూడండి, సరిగ్గా అదే.

మరి బుల్లిముల్లో? అది మాట్లాడటమే మానేసింది. ఏం అడిగినా తల ఊపేది. బడిలో తల ఊపడం కూడా కుదరదు కదా, అక్కడ నేల చూసేది. "మా అమ్మాయి ఎంత బుద్ధిగా ఉందో!" అనుకున్నాడు వాళ్ళ నాన్న. ఏమనాలర్రా ఇలాంటివాణ్ణి? నాకైతే నోటికొచ్చింది గానీ, మీ ముందు అననులెండి.

నెల తిరిగింది. ఇన్‌స్పెక్టరు ఏనుగు భూరిదంతం గారు రానే వచ్చారు. ఆయన వెనకాలే మొసలి మకరయ్య గారు కూడా వచ్చాడు, పళ్ళు తళతళా తోముకుని మరీ.

"పిల్లలు ఎంతమందండీ?" అని అడిగాడు మకరయ్య, చాలా మర్యాదగా.

"పదహారు మంది," అన్నాడు శూలపాణి గారు.

"ఆహా. ఒక్కొక్కరు సుమారుగా ఎంత బరువుంటారు?"

శూలపాణి గారికి ముచ్చెమటలు పోశాయి.

ఇన్‌స్పెక్టరు కుందేలు పిల్లను లేపారు. "ఏడో ఎక్కం చెప్పు నాయనా."

"ఏడొకట్ల ఏడు," అంది కుందేలు పిల్ల. తర్వాత దాని కాలు తాళం కోసం లేచింది. హెడ్మాస్టరు గారి మొహం చూసి దించేసింది. "ఏడు రెళ్ళు... ఏడు రెళ్ళు... పన్నెండా అండీ?"

కోతి పిల్లను లేపారు. "ఏడు మూళ్ళు ఎంతరా?"

"తమరు ఎంతంటే అంతేనండీ!" అంది కోతి పిల్ల, చేతులు కట్టుకుని.

ఎలుగు పిల్లను లేపారు. లేపడమంటే, నిజంగానే నిద్ర లేపారు. అది కళ్ళు నులుముకుని, "తేనె వచ్చిందా?" అంది.

భూరిదంతం గారు నిట్టూర్చి, తొండంతో తాటాకు, గంటం తీశారు. మకరయ్య సంతోషంగా ఇంకో రెండడుగులు ముందుకు జరిగాడు.

"చివరగా ఒక్కరు. అదుగో, ఆ చిన్న పిల్ల," అన్నారు ఇన్‌స్పెక్టరు.

శూలపాణి గారు ఉలిక్కిపడ్డాడు. "అయ్యా, అది మా అమ్మాయండీ. దానికి మాట తడబడుతుంది. దాన్ని వదిలేయండి."

"అడిగితే తప్పేముందయ్యా? చెప్పమ్మా."

బుల్లిముల్లు లేచింది. "ఏ... ఏ... ఏ..." మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది, రాలేదు. దాని కళ్ళనిండా నీళ్ళు. ఇన్‌స్పెక్టరు వైపు చూడలేదది, మొసలి వైపూ చూడలేదు. వాళ్ళ నాన్న వైపు చూసింది. దాని కాలి వేలు ఒకటి నేల మీద మెల్లగా టక్కు మంది. మళ్ళీ టక్కు మంది. వెంటనే తప్పు చేసినట్టు ఆగిపోయింది.

అప్పుడు తట్టింది శూలపాణి గారికి. ఇది నన్ను అనుమతి అడుగుతోంది! పాడమంటే ఇన్‌స్పెక్టరు ముందు తన పరువు పోతుంది, "నువ్వే కదయ్యా కాలు కూడా కదపరాదని రాయించావు," అంటారు. వద్దంటే పదహారు మంది పిల్లలు మడుగు దాటాలి. తన కూతురూ దాటాలి.

"పాడు తల్లీ," అన్నాడు. "నాన్న తప్పు చేశాడు. నువ్వు పాడు."

బుల్లిముల్లు కళ్ళు మూసుకుంది. కాలితో తాళం వేసింది. "ఏడొకట్ల ఏడూ... ఏడు రెళ్ళు పద్నాలుగూ..." అని ఎత్తుకుంది. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. ఏడు మూళ్ళకు కుందేలు పిల్ల కలిసింది. ఏడు నాలుగులకు కోతి పిల్ల కలిసింది. ఏడు పదులు డెబ్భై అనేసరికి బడి బడంతా గొంతు కలిపింది. అక్కడితో ఆగారా? ఎనిమిది, తొమ్మిది, పన్నెండు దాకా వెళ్ళి, అదే ఊపులో వాన పాట కూడా పాడేశారు. ఇన్‌స్పెక్టరు గారి చెవులు తాళానికి ఊగుతున్నాయి. ఆయనకు తెలియనే తెలియదు పాపం.

పాట ఆగాక, "భేష్! ఎవరు నేర్పారు వీళ్ళకు?" అని అడిగారాయన.

"నేనే," అనడానికి శూలపాణి గారి నోరు సగం తెరుచుకుంది. మూసుకుంది. "రాగమ్మ టీచరండీ," అన్నాడు తలవంచుకుని. "నేను పాట గంట తీసేసి, ఆవిడని పంపేశాను. నేను నేర్పిందల్లా నిద్రపోవడం."

"అయితే మీ పిల్లలకు నూటికి నూరు. మీకు సున్నా," అన్నారు భూరిదంతం గారు. "బడి ఇక్కడే ఉంటుంది. ఆవిణ్ణి మాత్రం పిలిపించండి."

"పోనీ, ఆ ఎలుగు పిల్ల ఒక్కదాన్నైనా..." అని గొణిగాడు మకరయ్య. ఏనుగు గారు ఒక్క చూపు చూసేసరికి మడుగులోకి జారుకున్నాడు.

శూలపాణి గారు పరుగు పరుగున మోదుగ చెట్టు కిందికి వెళ్ళాడు. "అమ్మా రాగమ్మా, మీ పాట వల్ల ఎక్కాలు భలే వస్తున్నాయి. తిరిగి రండమ్మా!"

రాగమ్మ కొమ్మ దిగలేదు. "ఎక్కాల కోసమైతే నేను రాను," అంది. "రేపు ఎక్కాలకు ఇంకో ఉపాయం దొరికితే నన్ను మళ్ళీ పంపేస్తారు. నా పాట మీ ఎక్కాలకు పనిమనిషి కాదండీ."

ఎప్పుడూ కంగారుపడే మనిషి, మొదటిసారి నెమ్మదిగా మాటలు వెతుక్కున్నాడు.

"అమ్మా, నా కూతురు పుట్టి ఆరేళ్ళయింది," అన్నాడు. "దాని గొంతు ఎలా ఉంటుందో ఇవాళే విన్నాను. ఇంకా వినాలని ఉంది."

రాగమ్మ గబుక్కున సొరకాయ బుర్ర చంకన పెట్టుకుంది. "ఆ మాట ముందు చెప్పరేమండీ? పదండి, పిల్లలు ఎదురు చూస్తుంటారు," అంటూ ఆయన కంటే ముందే బడి వైపు ఎగిరింది.

నీతి: మార్కులు లేవని పాటను బడిలోంచి గెంటేస్తే, దాంతోపాటు ఏ పిల్ల గొంతు మూగబోతుందో మనకు తెలియదు.