నూకాలు చెంబు

రేయ్, అందరూ ఊ కొట్టండి, లేకపోతే చెప్పను. అనగనగా అంటే ఎప్పుడో, మా ముత్తాత కూడా గోచీ కట్టనప్పుడు, మా ఊళ్లో ఒక అరుగు బడి. ఒక పంతులు. బడికి నీళ్లు మోసే ముసలమ్మ ఒకతి, పేరు నూకాలు.

బళ్లో సన్యాసి అని ఒకడు. అందరికన్నా పొడుగు, అందరికన్నా మొండి. పంతులు అక్షరం చెప్పి ఇసుకలో "రాయరా" అంటే, "రాయను పో" అనేవాడు. పంతుల్నే!

మొదటిరోజు బెత్తం. "రాయరా." "రాయను పో."

రెండోరోజు గోడకుర్చీ. "రాయరా." "రాయను పో."

మూడోరోజు పంతులుకి మండిపోయింది. "ఇదే ఆఖరు. రాయకపోతే రేపట్నించి గేదెలు కాసుకో. బళ్లోకి రానివ్వను."

వాళ్లమ్మ అరుగు కింద నిలబడి ఏడుస్తోంది. వీడేమో ఇసుకని కాలితో తన్నాడు! పంతులు బెత్తం ఎత్తాడు.

నూకాలు మధ్యలో దూరింది. చెంబు చాపింది.

"బావూ, ముందు నీళ్లు తాగండి."

"తప్పుకో నూకాలూ!"

"తాగీసి కొట్టండి బావూ. ఇచ్చిన నీళ్లు కాదనకూడదు కదేటి."

నిజమే, కాదనకూడదు. గడగడా తాగాడు. కోపంలో తాగితే ఏమవుద్ది? పొలమారింది. దగ్గు, దగ్గు, ఒకటే దగ్గు. పిల్లలంతా బిగుసుకుపోయారు. సన్యాసి ఒక్కడే లేచి పంతులు నెత్తిమీద తట్టాడు.

"ఎవరో తలుచుకుంటన్నారండి. నెమ్మది, నెమ్మది."

వాడికి పొలమారితే వాళ్లమ్మ అలాగే అనేది మరి.

దగ్గు ఆగింది. బెత్తం ఎక్కడ పడిందో కూడా తెలీదు. నూకాలు మళ్లీ చెంబు నింపి సన్యాసికిచ్చింది. వాడూ గడగడా తాగాడు.

అప్పుడు పంతులు మెల్లగా అడిగాడు. "ఎందుకు రాయవురా?"

వాడు ఇంకా మెల్లగా అన్నాడు. "రాదండి. రాదంటే నవ్వుతారు. రాయనంటే కొడతారు. కొట్టేటప్పుడు ఎవడూ నవ్వడు కదండి."

పంతులు కింద కూర్చున్నాడు. మిగతావాళ్లని అటు తిరగమన్నాడు. వాడి చెయ్యి పట్టుకుని ఇసుకలో రాయించాడు. గేదెల మాట మళ్లీ ఎత్తలేదు.

నూకాలు బతికినన్నాళ్లూ, పంతులు చెయ్యెత్తబోతే చెంబు వచ్చేసేది. ఆవిడ పోయిన మర్నాడు పంతులే బావికెళ్లి నీళ్లు మోసుకొచ్చాడు. ఊరంతా చూసింది. చూస్తే చూడనీ అన్నాడు.

ఇప్పటికీ మా స్కూల్లో ప్రతి క్లాసులో టేబుల్ మీద చెంబు ఉంటది. బాటిల్ కాదురా, చెంబే. సార్‌కి ఎవడిమీదైనా మండితే ముందు నీళ్లు, తర్వాతే మాట. పొలమారిందా, క్లాసంతా ఒకటే అరుపు: "నూకాలు తలుచుకుంటోంది సార్!" ఎంత కోపంలో ఉన్నా నవ్వేస్తాడు.

నిన్న లెక్కల సార్ నన్ను బోర్డు దగ్గరికి రమ్మన్నాడు. రాను అన్నా. సార్ చెంబు ఎత్తాడు, తాగాడు, దించాడు.

"రాదు సార్" అన్నా.

ఎవడూ నవ్వలేదు.

థాంక్స్ ముసలీ.