గోడమీది బొట్లు

శేషఫణికి ఒళ్ళు మండిపోతోంది. మండదూ మరి! తిండీ తిప్పలూ మాని మూడు నెలలు కూర్చుని తయారుచేసిన యాప్‌ని ఒక్కరంటే ఒక్కరు ముట్టుకోలేదు.

కరుణాంబ ఆశ్రమం చుట్టూ నలభై కుటుంబాలు రసాయనాల జోలికి పోకుండా పసుపు పండిస్తున్నాయి. అందుకు సేంద్రియ సర్టిఫికెట్ రావాలంటే ఏ చేనుకి ఏది ఎప్పుడు వేశారో అంతా నమోదై ఉండాలి. ఫణి యాప్ చేసింది అందుకే. ఒక్క ఇంటి వివరం లేకపోయినా నలభై ఇళ్ళకీ సర్టిఫికెట్ రాదు. తనిఖీకి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

"నా తప్పేం లేదమ్మా," అన్నాడు ఫణి గురువు దగ్గరకెళ్ళి. ఉద్యోగం మానేసి ఆశ్రమంలో చేరాడేగానీ ఆఫీసు పొగరు ఇంకా వదల్లేదు పాపం. "నలభై మూడే ప్రశ్నలు. అన్నీ తెలుగులోనే పెట్టాను. వీళ్ళకి బద్ధకం, అంతే!"

"ఇవాళ చేలకి ఘనజీవామృతం ఎరువు కలుపుతున్నారు. వెళ్ళి నువ్వూ ఓ చెయ్యి వెయ్యి," అంది కరుణాంబ.

పేడ, బెల్లం, శనగపిండి, గోమూత్రం, గుప్పెడు చేనిమట్టి. రైతుల్లో వయసులో పెద్దదైన సోములమ్మ పక్కన కూర్చుని ఫణి మోచేతులదాకా ముంచి పిసకసాగాడు.

కాసేపటికి కరుణాంబ వచ్చి, అతని జేబులోంచి ఫోను తీసి, యాప్ తెరిచి, ముఖం ముందు పెట్టింది.

"చేసిన పని చేసిన పూటే రాయాలన్నావుగా. రాయి."

"చేతులు కడుక్కొస్తానమ్మా."

"వాగు అరమైలుంది. అందాకా వీళ్ళంతా కూర్చోవాలా?"

సరే, మోచేత్తో నొక్కాడు. తెర కదల్లేదు. చివరికి ముక్కుతో పొడిచాడు. ఆరో ప్రశ్నదాకా వచ్చాక ముక్కు ఎక్కడ తగిలిందో ఏమో, మళ్ళీ మొదటి ప్రశ్న ప్రత్యక్షం! ఆడవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఫణికీ నవ్వాగలేదు.

సోములమ్మ కళ్ళు తుడుచుకుంటూ కోడల్ని కేకేసింది. "మొన్న కలిపింది ఆరింది, పైచేనుకి రెండు గంపలు పట్టుకెళ్ళు. వేశాక గోడమీద రెండు బొట్లు పెట్టడం మర్చిపోకు."

"గోడమీద బొట్లేంటి పెద్దమ్మా?" అన్నాడు ఫణి.

"ఏది వేసినా పెడతాం బాబూ. మా అత్తలనాటి నుంచీ ఉన్నదే. ఏ ఇంటికైనా వెళ్ళి చూడు."

పేడచేతులతోనే పరిగెత్తాడు. సోములమ్మ ఇంటి పంచలో ఎర్రమట్టి గోడ. పైవరస పైచేనుది, కిందివరస కిందిచేనుది. ఎరువు వేస్తే తెల్లబొట్టు, పురుగులకి కషాయం కొడితే పసుపుబొట్టు. అమావాస్యకీ పున్నమికీ అడ్డగీత. విత్తిన రోజునుంచి ఒక్కటీ తప్పలేదు. పక్కింట్లోనూ అంతే, ఆ పక్కింట్లోనూ అంతే. వీళ్ళనా బద్ధకస్తులన్నాడు! ఫణికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మూడు రోజులు గదిలోంచి కదల్లేదు. నాలుగోరోజు ఫోను తెచ్చి సోములమ్మ చేతిలో పెట్టాడు. తెరమీద ఎర్రగోడ. రెండే వరసలు. ఏ వరసలో వేలు ఆనిస్తే ఆ వరసలో బొట్టు పడుతుంది; ఒకసారి ఆనిస్తే తెల్లది, రెండుసార్లు ఆనిస్తే పసుపుది. పేరూ తేదీ ఫోనే రాసుకుంటుంది.

"ఓయమ్మా, మా గోడే!" అంది సోములమ్మ. అమావాస్య, పున్నమి గీతల లెక్కన పాత బొట్లన్నీ ఎక్కించడానికి కోడలికి పూట కూడా పట్టలేదు. మిగతా ఇళ్ళవాళ్ళు ఆమెను చూసి నేర్చుకున్నారు.

తనిఖీకి వచ్చినాయన ఫోను చూశాడు, గోడ చూశాడు, మళ్ళీ ఫోను చూశాడు. బొట్టుకి బొట్టు సరిపోయింది. నలభై ఇళ్ళకీ సర్టిఫికెట్ వచ్చింది. ఆ రోజు ఆశ్రమంలో పరవాన్నం వండారు.

విస్తరి ముందు కూర్చున్న ఫణి ఉండబట్టలేక అడిగేశాడు. "అమ్మా, గోడల సంగతి మీకు ముందే తెలుసు కదా. మొదటిరోజే చెప్పి ఉండొచ్చుగా?"

కరుణాంబ అతని ఆకులో ఇంకో గరిటె పరవాన్నం వడ్డించింది.

"చెబితే, 'మీ ఇంట్లో గోడ ఉందా?' అని ఇంకో ప్రశ్న చేర్చేవాడివి నాయనా."