మాంత్రికుడి దీవిలో మందార చెట్టు

చాలా చాలా కాలం కిందట, ఏడు సముద్రాలకు ఇవతలి ఒడ్డున, వేత్రపురం అనే రాజ్యం ఉండేది పిల్లలూ. ఆ రాజ్యానికి ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు చండకేతు, మంచి బలశాలి. నడిమివాడు వీరకేతు, కత్తి తిప్పడంలో దిట్ట. చిన్నవాడు అరుణకేతు. అతనికి భయం ఎక్కువ. చీకటంటే భయం, లోతు నీళ్ళంటే భయం, గట్టిగా అరిచే మనుషులంటే భయం.

ఆ రోజుల్లో కరాళుడనే మాంత్రికుడు పొరుగు రాజు కూతురు కువలయను ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో పెట్టి, ఆమె ప్రాణాన్ని ఒక మందార చెట్టులో దాచాడు. ఆ చెట్టు ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి. ఆకు రాలినప్పుడల్లా ఆ పిల్ల ఒంట్లో సత్తువ కొంత పోతోంది. "వచ్చిన నెల అమావాస్యలోగా చెట్టును బాగుచేసినవాడికి పిల్లను ఇచ్చేస్తాను. చేతకానివాడు నా తోటలో రాయై పడి ఉంటాడు" అని మాంత్రికుడే దేశదేశాలకూ కబురు పంపాడు.

చండకేతు వెళ్ళాడు, తిరిగి రాలేదు. వీరకేతు వెళ్ళాడు, తిరిగి రాలేదు.

"నువ్వూ వెళ్తే నాకింకెవరున్నార్రా?" అంది తల్లి.

"నాకూ వెళ్ళాలని లేదమ్మా. కానీ అన్నలు అక్కడే ఉండిపోయారు కదా" అన్నాడు అరుణకేతు.

సముద్రపు ఒడ్డున పడవంత తాబేలు ఒకటి ఎండ కాచుకుంటోంది. సంగతి విని అతన్ని వీపు మీద ఎక్కించుకుంది. ఉప్పు సముద్రం దాటారు. చెరకు రసపు సముద్రం దాటారు. అలా ఏడు సముద్రాలూ దాటారు. దారిలో తాబేలు అడిగింది.

"భయంగా ఉందా?"

"ఉంది."

"ఉంటే ఉండనీ. గట్టిగా పట్టుకో."

దీవి మీద పిట్ట కూయడం లేదు, గాలి ఆడటం లేదు. తోట నడుమ, నల్లగుడ్డ కప్పిన పందిరి కింద, మందార చెట్టు నిలబడి ఉంది. ఆకులన్నీ పసుపు రంగు. చెట్టుకు ఒక పక్క, కడవ ఎత్తి నీళ్ళు పోస్తూ పోస్తూ రాయైపోయిన చండకేతు. ఇంకో పక్క, కత్తి దూసి కొమ్మకు వేలాడే పంజరం వైపు దూకబోతూ రాయైపోయిన వీరకేతు. ఇద్దరి రాతి కళ్ళలోనూ తడి ఉంది.

చెట్టు పక్కన అరుగు మీద కువలయ పడుకుని ఉంది. మొహం పాలిపోయి, పెదవులు మాత్రం కొద్దిగా కదులుతున్నాయి.

వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. కరాళుడు. జుట్టూ గడ్డమూ తెల్లగా దూదిలా ఉన్నాయి. గొంతు మెత్తగా ఉంది. ఆ మెత్తదనానికే అరుణకేతు ఒళ్ళు జలదరించింది.

"వచ్చావా నాయనా? పాపం, దాహంతో చచ్చిపోతోంది చెట్టు. ఇవిగో కడవలు. నీళ్ళు పొయ్యి. నేను సాయంత్రం వచ్చి రాలిన ఆకులు చూసుకుంటాను."

అతను వెళ్ళీ వెళ్ళగానే ఒక ఆకు రాలింది. కువలయ సన్నగా మూలిగింది. అరుణకేతు గబగబా కడవ ఎత్తాడు. అంతలో కాలు చీలమండ దాకా బురదలో దిగబడింది.

'ఇంత బురదలో ఉన్నదానికి దాహమేమిటి?' అనుకుని కడవ దించాడు.

"మీ పెద్దన్నకు ఆ అనుమానం రాలేదు" అంది పంజరంలోని చిలుక. "భయంతో పోస్తూనే ఉన్నాడు, అమావాస్య రాగానే రాయైపోయాడు. మాంత్రికుడు తన చేత్తో ఈ చెట్టును చంపలేడు బాబూ. కాపాడాలని వచ్చినవాడి చేతుల్లోనే ఇది చావాలి. అప్పుడే ఆమె ప్రాణం వాడిదవుతుంది. అందుకే మిమ్మల్ని పిలుస్తున్నాడు."

"మరి మా రెండో అన్న?"

"మాంత్రికుడి ప్రాణం నాలో ఉందనుకుని నా మెడ నరకబోయాడు. నాలో నా ప్రాణం తప్ప ఇంకేమీ లేదు. ఏ పాపమూ ఎరగని ప్రాణి మీద ఇక్కడ కత్తి ఎత్తితే ఎత్తిన చోటే రాయైపోతారు."

అరుణకేతు పంజరం తలుపు తీసేశాడు. చిలుక ఎగిరి అతని భుజం మీద వాలింది.

బురదలోంచి ఒక వానపాము తల ఎత్తింది. "కింద మాకే ఊపిరాడటం లేదు. ఇక వేళ్ళకెలా ఆడుతుంది? సగం వేళ్ళు కుళ్ళిపోయాయి. ముందు నీళ్ళు పోయే దారి చెయ్యి" అంది.

అరుణకేతు చేతులతోనే కాలువ తీశాడు. చెట్టు మొదట్లో మట్టి తవ్వి చూస్తే, వేళ్ళు కొన్ని నల్లబడి కంపు కొడుతున్నాయి. వాటిని కొయ్యాలి. నడుముకున్న కత్తి తీసి పెట్టగానే కువలయ ఒళ్ళంతా బిగుసుకుంది. అతను ఆగిపోయాడు.

"తెల్లగా ఉన్నవి ముట్టుకోకు. నల్లవి ఉంచితే మిగతావీ కుళ్ళిపోతాయి" అంది వానపాము.

అతను పళ్ళు బిగించి కోశాడు. ఇసుక మోసుకొచ్చి మట్టిలో కలిపాడు. సాయంత్రం కరాళుడు వచ్చి, రాలిన ఆకుల్ని చేత్తో ఎత్తి చూసుకుని, ఒక నవ్వు నవ్వి వెళ్ళిపోయాడు.

మర్నాడు అరుణకేతు పందిరి మీది నల్లగుడ్డ చింపేశాడు. ఎండ చెట్టు మీద పడింది. ఆకులు మాత్రం రాలుతూనే ఉన్నాయి. అమావాస్య దగ్గరపడుతోంది, రోజు రోజుకూ కువలయ ఊపిరి పలచబడుతోంది. సాయంత్రాలు కరాళుడి నవ్వు పెద్దదవుతోంది. 'కాపాడటానికి వచ్చి నేనే చంపుతున్నానేమో' అనే భయం అరుణకేతును తినేస్తోంది. ఒకరోజు చెయ్యి దానంతటదే కడవ మీదికి పోయింది.

"వద్దు" అంది కువలయ. ఆమె మాట్లాడటం అదే మొదలు. "పసుపెక్కిన ఆకు మళ్ళీ పచ్చబడదు. రాలనీ. చిగురు ఎలా ఉందో చూడు."

కొమ్మ కొసన చిగురు ఉంది. ఎండ తగిలి వేసిన కొత్త చిగురే. కానీ ముడుచుకుపోయి, బంకబంకగా ఉంది. ఆకు తిప్పి చూశాడు. వెనకంతా తెల్లటి దూది ముద్దలు. దూది కాదు, పిండినల్లి. వందల పురుగులు ఆకును కరిచిపట్టుకుని రసం తాగుతున్నాయి.

చిలుక ఎగిరి వెళ్ళి కుంకుడుకాయలు తెచ్చింది. అరుణకేతు వాటిని నానబెట్టి నురుగు తీసి, తలపాగా చింపిన గుడ్డతో ఒక్కొక్క ఆకునూ వెనక నుంచి తుడుస్తూ పోయాడు. తుడిచే కొద్దీ దూరంగా మాంత్రికుడి ఇంట్లో ఎవరో దగ్గడం మొదలైంది. తుడిచే కొద్దీ దగ్గు పెద్దదైంది.

చివరి కొమ్మ పంగలో, గోలీకాయంత పురుగు ఒకటి దూదిలో నక్కి ఉంది. దానికి మనిషి కళ్ళున్నాయి. అవి అతని వంకే చూస్తున్నాయి.

"నన్ను తీస్తే ఆమె చస్తుంది" అంది కరాళుడి మెత్తటి గొంతుతో. "నా మూతి ఆమె ప్రాణంలో దిగి ఉంది. వదిలెయ్యి నాయనా. నీ అన్నల్ని ఇచ్చేస్తాను. ఇంటికి పో."

తోట వాకిలి దగ్గర కరాళుడు కనిపించాడు. దగ్గుతూ, తూలుతూ, చేతులు చాచి పరిగెత్తుకొస్తున్నాడు. అరుణకేతు గుడ్డ చేతపట్టి కువలయ వంక చూశాడు.

"నిజంగానే నువ్వు చచ్చిపోతే?"

"ఇలా ఉండటం కంటేనా?" అంది ఆమె. "తుడిచెయ్యి."

కరాళుడి గోళ్ళు అతని వీపుకు తగిలాయి. అరుణకేతు కళ్ళు మూసుకోలేదు. పురుగును గుడ్డతో పట్టి లాగి, కుంకుడు నురుగులో ముంచి నలిపేశాడు. వీపు మీది గోళ్ళు సడలిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే నేల మీద చారెడు తెల్లటి దూది. గాలి వీచింది. అదీ ఎగిరిపోయింది.

చండకేతు చేతిలోని కడవ కింద పడి పగిలింది. వీరకేతు కత్తి వదిలేసి కూలబడ్డాడు. కువలయ మాత్రం కదల్లేదు. అరుణకేతు ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి ఉంది, దారమంత సన్నగా.

అన్నదమ్ములు ముగ్గురూ అక్కడే ఉండిపోయారు. మట్టి పొడిబారితేనే నీళ్ళు, అదీ కొంచెం. ముడుచుకున్న చిగురు విప్పుకుంది. దాని పక్కన ఇంకొకటి పుట్టింది. ఒక ఉదయం చెట్టు ఎర్రటి పువ్వు పూసింది. ఆ పువ్వు విచ్చిన క్షణాన ఆమె ప్రాణం ఆమెను చేరింది. కువలయ లేచి కూర్చుని, "ఆకలేస్తోంది" అంది.

తాబేలు అందరినీ ఏడు సముద్రాలూ దాటించింది. ఒడ్డుకు రాజు పల్లకీ పంపాడు. కువలయ ఎక్కలేదు. అరుణకేతు పక్కన, తన కాళ్ళ మీద తాను, కోట దాకా నడిచింది. ఊరంతా ఊపిరి బిగబట్టి ఆ అడుగులే చూసింది.

ఇద్దరికీ పెళ్ళయింది. అన్నలు తామే ముందుకొచ్చి తమ్ముడికి కిరీటం పెట్టారు. అరుణకేతూ కువలయా ముసలివాళ్ళై, మనవల్ని ఎత్తుకునే దాకా రాజ్యం ఏలారు. వాళ్ళ ఏలుబడిలో జనం తలుపులు తీసుకునే నిద్రపోయారు. వాళ్ళ సంగతి అంతటితో సరి. ఇక మీరూ కళ్ళు మూసుకోండి.