పిలుపుగౌరి వ్రతము: గడియలవారి కోడలి కథ

అందరును అక్షతలు చేత పట్టుకొనుడు. పసిబిడ్డల తల్లులు బిడ్డలను ఒడిలోనే ఉంచుకొని వినుడు. నడుమ బిడ్డ యేడ్చినచో లేచి పోవుటకు ఎవ్వరి అనుమతియు అక్కరలేదు.

పూర్వము పయోష్ణీ నదీతీరమున సుచక్షుడను మహర్షి తపస్సు చాలించి కూర్చుండియుండగా, ఆర్జవుడను ముని ఆయనకు నమస్కరించి యిట్లడిగెను. "మహాత్మా! నేను తీర్థములు తిరిగి వచ్చుచు ప్రతి యూరి వెలుపలను చిన్నచిన్న మట్టిదిబ్బలు చూచితిని. ఒక్కొక్కటి మూరెడు పొడవైనను లేదు. ఆ దిబ్బల క్రింది పసిబిడ్డల తల్లులు భక్తి లేనివారా యనుకొందమన్న, ప్రతి యింటను దీపము వెలుగుచునే యున్నది. మరి ఈ దుఃఖమెందువలన వచ్చినది? దీనికి వ్రతమేదైన గలదా?"

సుచక్షుడు, "గలదు ఆర్జవా. అది మిక్కిలి సులభమైనది. కావుననే ఎవ్వరును చేయరు. దాని పేరు పిలుపుగౌరి వ్రతము. దానిని మొదట చేసిన యిల్లాలి కథ చెప్పెదను, వినుము" అని చెప్పసాగెను.

పద్మవరమను పట్టణమున కోటవాకిట గడియలు కొట్టు భైరవయ్య యను గృహస్థుడుండెను. అడుగున చిల్లిగల కుడుకయను చిన్న రాగిగిన్నెను నీటితొట్టిలో విడుచుట, అది నిండి మునుగగానే గడియ గడిచెనని లెక్కించుట, జాము నిండగానే జేగంట మ్రోగించుట ఆ యింటివారికి ఏడు తరముల వృత్తి. పట్టణమంతయు ఆ గంట మీదనే లేచును, తినును, పరుండును. రాజుగారి విస్తరి కూడ తమ గంట వినిగాని పడదని భైరవయ్య తల్లి అక్కాంబ చెప్పుకొనుచుండెను. ఆమె నోటికి వీధి వీధియే జడిసెడిది. భైరవయ్య భార్య పోలాంబ మెత్తని మనిషి. అత్త యెదుట నోరెత్తి యెరుగదు.

పోలాంబ తొలికాన్పున మగబిడ్డను గనెను. మంత్రసాని చెంగి బిడ్డను తుడిచి తల్లి రొమ్మున ఉంచబోగా అక్కాంబ అడ్డుపడెను. ముర్రుపాలు విషమనియు, మూడు దినములు వానిని పిండి పారబోయవలెననియు, అంతవరకు బెల్లపునీట ముంచిన గుడ్డవత్తి చాలుననియు చెప్పెను. చెంగి ఊరకుండలేక, "అమ్మా! పచ్చగా చిక్కగా ఉన్నవని పారబోయకుడు. బిడ్డకు దేవుడు కట్టి పంపిన తొలి సద్దిమూట అదియే" అనెను. నీ కూలి నీకు ముట్టినది, ఇక నోరు కట్టుకొని పొమ్మని అక్కాంబ ఆమెను పంపివేసెను.

నాలవనాటి నుండి అక్కాంబ మరియొక నియమము పెట్టెను. బిడ్డకు జామునకొకసారి, గంట మ్రోగిన పిదపనే పాలియ్యవలెను. రాత్రి జాములలో అసలే ఇయ్యరాదు. అడిగినప్పుడెల్ల ఇచ్చినచో బిడ్డ పెంకియగుననియు, తాను ఏడుగురిని గని ఇట్లే పెంచితిననియు ఆమె వాదము. బిడ్డ గంటకు ముందే యేడ్చెను. పిడికిలి నోట పెట్టుకొని చీకెను. తల అటునిటు త్రిప్పి వెదకెను. పోలాంబ రవికె తడిసిపోయెను, పైటకొంగు తడిసిపోయెను. ఆమె ద్వారబంధము పట్టుకొని కోటవైపు చెవియొగ్గి నిలుచుండెను.

అడుగనిదే అమ్మయైనను పెట్టదని లోకులందురు. ఓ ఆర్జవా! ఆ బిడ్డ అడిగెను. అడుగుచునే యుండెను. పదునెనిమిదవనాటికి ఏడ్చుట మానివేసెను. చూచితివా, బుద్ధి వచ్చినదని అక్కాంబ మురిసెను. అది బుద్ధి కాదు, ఏడ్చుటకు ఓపిక లేకపోవుట. ఇరువదియొకటవనాడు ఉయ్యాలలో వేయవలసిన బిడ్డను ఇరువదవనాడు ఊరి వెలుపల గోతిలో వేసిరి. పేరైనను పెట్టలేదు. ఆ తరువాత నెల దినములు, కోటలో గంట మ్రోగినప్పుడెల్ల పోలాంబకు పాలు చేపుకు వచ్చుచుండెను.

కొడుకును పూడ్చి వచ్చిన దినము నుండి భైరవయ్యకు కుడుక మీద చూపు నిలువదాయెను. ఒకనాడు కుడుక మునిగినది గమనింపడాయెను. ఆ పూట రాజకుమార్తె వివాహ ముహూర్తము దాటిపోయెను. రాజు ఆగ్రహించి అతనిని వాకిటి నుండి వెడలగొట్టెను. ఏడు తరముల వృత్తి ఒక్క పూటలో పోయెను. వారు ఇత్తడి సామాను అమ్ముకొని తినిరి. పిదప ఇల్లును విడిచి, కంచరివాడ చివర ఒక పాకలో చేరిరి.

ఆ పాకలో రెండవ కొడుకు పుట్టెను. కంచరుల సుత్తిమ్రోతలో కోటగంట వినబడని ఆ యింట జాముల నియమమెక్కడిది? ఏడ్చినప్పుడెల్ల పోలాంబ పాలిచ్చెను. బిడ్డకు బుగ్గలు వచ్చెను, నవ్వుటయు నేర్చెను. మూడవ నెల రాగానే వాడు మాటిమాటికి పాలు కోరసాగెను. పెరుగు బిడ్డ లక్షణమది. అక్కాంబకు మాత్రము అనుమానము పుట్టెను. కోడలి పాలు నీళ్లవలె పలుచనైనవనియు, పొరుగింటి బిడ్డ జావ త్రాగి గుండ్రాయివలె నున్నాడనియు చెప్పి, ఉదయము బియ్యపుపిండి జావ కాచి, సాయంకాలము వరకు దానినే ఉగ్గుగిన్నెతో పోయసాగెను. పోలాంబ వలదనవలెనని అనుకొనెను, అనలేదు.

జావతో నిండిన కడుపు పాలడుగదు. అడుగని పాలు నిలువవు. నెల తిరుగక ముందే ఆమె రొమ్ములు ఎండిపోయెను. బిడ్డకు విరేచనములు పట్టుకొనెను. కన్నులు గుంటలు పడి, నాలుగు దినములలో వాడు అన్న ప్రక్కన చేరెను. ఆర్జవా! నీవు చూచిన దిబ్బలలో ఆ రెండును ఉండును.

పోలాంబ మూడవమారు గర్భవతియై, నెలలు నిండువేళ ఆ రెండు దిబ్బల నడుమ పోయి కూర్చుండి లేవదాయెను. కని చంపుటకంటె కనకమునుపే తాను చచ్చుట మేలని తలచెను. ఆ దారిన పోవుచున్న చెంగి ఆమెను చూచి ప్రక్కన కూర్చుండెను. ఓదార్చలేదు. ఆ రెండు ప్రాణములును ఎందువలన పోయినవో దాచక చెప్పెను.

"మరి నాకెవ్వరును చెప్పలేదేమే చెంగీ?" అని పోలాంబ యేడ్చెను.

"చెప్పితిని తల్లీ. నీవు వినుచునే ఉంటివి" అనెను చెంగి.

పిదప చెంగి వ్రతవిధానము తెలిపెను. బిడ్డ నేలపడిన గడియలోనే రొమ్మున ఉంచవలెను. ముర్రుపాలు చుక్కయైనను పారబోయరాదు. తేనె, బెల్లము, తుదకు మంచినీరైనను నోట పోయరాదు. పగలనక రేయనక, బిడ్డ ఏడ్చుటకు ముందే పెదవి చప్పరించినను అది పిలుపే. అది గౌరీదేవి పిలుపని యెంచి చేతనున్న పని విడిచి పాలియ్యవలెను. ఆరు నెలలు నిండువరకు ఇదియే పూజ, ఇదియే నైవేద్యము. ఆరు నిండి, బిడ్డ మెడ నిలిపి కూర్చుండి మన విస్తరివంక చేయి చాచునప్పుడు, మెత్తగా పిసికిన పప్పన్నము గోరంత నేతితో, కొంచెము కొంచెముగా అలవాటు చేయవలెను. పాలు మాత్రము రెండేండ్ల వరకు మానరాదు. ఆరు నిండినను అన్నము పెట్టక జాగుచేయుటయు వ్రతభంగమే.

పోలాంబకు ఆడబిడ్డ పుట్టెను. అక్కాంబ మరల బెల్లపునీరును వత్తియు తీసికొని వచ్చెను. అప్పుడు పోలాంబ జన్మలో మొదటిసారి తలయెత్తి, "అత్తా! నీవు ఏడుగురిని గంటివి గదా. నీ కొడుకొక్కడే యేల మిగిలెను?" అని యడిగెను.

అక్కాంబ ఆ బెల్లపునీరు పెరటిలో పారబోసెను. ఆమె పోయి పొయ్యియొద్ద కూర్చుండి, పోయిన ఆరుగురిని ఒక్కొక్కరినే తలచుకొని పొద్దుగూకువరకు ఏడ్చెను. ఆనాటి నుండి కోడలి చేతిలోని చీపురు, రోకలి, చేద అన్నియు తానే అందుకొనెను.

ఆరు నెలలు నిండెను. అన్నప్రాశన దినముననే వ్రతోద్యాపనము పెట్టుకొనిరి. పురోహితుడు కలశమున గౌరిని ఆవాహన చేసి కర్పూరము వెలిగించెను. పోలాంబ హారతి పళ్లెమెత్తెను. అంతలో ఉయ్యాలలోని బిడ్డ యేడ్చెను. పోలాంబ పళ్లెము నేలనుంచి చివాలున లేచిపోయెను. పురోహితుడు కోపించి, "అమ్మా! హారతి నడుమ లేచినచో వ్రతము చెడును. గడియసేపు ఏడ్చినచో బిడ్డకేమగును?" అనెను.

దానికి బదులిచ్చినది అక్కాంబ. "గడియలకొలది యేడ్చినవారిని ఊరి వెలుపల చూచి రండు స్వామీ. గౌరి ఈ కలశములో లేదు. అదిగో, ఆ ఉయ్యాలలో ఏడ్చుచున్నది."

కర్పూరము ఆరిపోయెను. బిడ్డ కడుపునిండ త్రాగి తానై రొమ్ము వదలిన పిదప మరల కర్పూరము వెలిగించిరి. తొలి వాయనము అక్కాంబ తన చేతులతో చెంగికిచ్చి, ఆమె పాదములు పట్టుకొనెను. ఏడాది తిరుగక మునుపే కోటవాకిట గడియలు తప్పుచున్నవని రాజు భైరవయ్యను పిలిపించి వృత్తి మరల ఇచ్చెను. ఇల్లు వచ్చెను, ఇత్తడి వచ్చెను. ఆ రెండు దిబ్బలు మాత్రము అట్లే యున్నవి. పోయిన సిరిని తెచ్చు వ్రతములు పెక్కు గలవు ఆర్జవా. పోయిన బిడ్డను తెచ్చునది లేదు. పిలుపుగౌరి ఉన్న బిడ్డను నిలుపును, అంతే.

కావున గర్భిణులును బాలింతలును ఈ వ్రతము చేయవలెను. వారికంటె ముందు అత్తలు, ఆడబిడ్డలు, మగలు చేయవలెను. బాలింత చేతిపని అందుకొనుటయే వారి పూజ. పాలు పడని తల్లిని నిందించినవారికి ఫలము దక్కదు. ఎరిగినవారిని పిలిచి ఆమెకు తోడు నిలువవలెను. ఈ వ్రతము చేసిన యింట బిడ్డకు ఆయువు, తల్లికి ఆరోగ్యము, ఇంటికి కళ కలుగును. చేసిన యూరి వెలుపల మూరెడు దిబ్బలు తరుగును.

కథ తప్పినను, హారతి తప్పినను గౌరి ఓర్చును. పిలుపు తప్పరాదు. ఈ క్షణమున నీ బిడ్డ యేడ్చుచున్నచో లేవుము తల్లీ, అక్షతలు తరువాత.