ఓడకు పోయే తాండ్ర

విశ్వంభరయ్యగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. అందుకే తీరిక లేనివాళ్లు ఆయన గడప తొక్కరు. ఆయన శిష్యుడు మల్లిశెట్టికీ తీరిక లేదు, కానీ ఆ రోజు గతిలేక వచ్చాడు. సరుగుడురేవులో మామిడితాండ్ర కళ్లం అతనిది. నలభై కుటుంబాలు అక్కడ రసం తీసి, చాపల మీద పొర మీద పొర పోసి ఎండబెడతాయి. అదంతా ఓడెక్కి పరదేశం పోతుంది. ఈసారి పోయినట్టే పోయి తిరిగొచ్చింది. నెలకు మళ్లీ వస్తాననీ, అప్పుడూ సరుకు ఇలాగే ఉంటే ఈ రేవులో ఇక లంగరు వెయ్యననీ ఓడ నాయకుడు తెగేసి చెప్పాడు.

"స్వామీ, దక్షిణాది దీవివాళ్ల తాండ్రను కళ్లకద్దుకుంటున్నారు, మాది మొహాన కొడుతున్నారు. మా చెట్లు మంచివి, ఎండ మంచిది, మనుషులు ఒళ్లు దాచుకునేవాళ్లు కారు. ఒక దేశం సరుకు మంచిదవడానికి ఇంకేం కావాలి?" అన్నాడు మల్లిశెట్టి.

"ఓడకు పంపే ముక్క ఒకటి తీసి రసం వడగట్టే మనిషికి పెట్టు. నేనూ వస్తాను" అన్నారు గురువుగారు.

రసం వడగట్టేది పోలమ్మ. ఇరవై వేసవులుగా అదే పని. ఆవిడ నోటికి కళ్లమంతా జడుస్తుంది. అంతటి మనిషీ ముక్క చేతిలో పెట్టగానే బెదిరిపోయింది.

"ఓడ సరుకండి బాబూ! ముట్టుకుంటే చేతులు విరుస్తానన్నారండి మీ నాన్నగారు. చాపలకంటుకున్న గీకుడే మేం ఇంటికి పట్టుకెళ్తాం."

"తిను" అన్నారు గురువుగారు.

కొరికింది. మొహం వంకర తిరిగింది. తుపుక్కున ఉమ్మేసింది. "ఛీ! కింది పొర ఆరకుండానే పైది పోసేశారు, లోపలంతా పులిసి చచ్చింది. ఏ చేతకాని మొహం చేసిందండీ ఇది?"

పోలమ్మ తన చేతులకేసి చూసుకుని తల దించుకుంది. మల్లిశెట్టికి ఆవిడ కంటే ఎక్కువ సిగ్గేసింది.

"ఇకనుంచి ఏ చాప లేపినా మొదటి ముక్కలు వీళ్ల ఇళ్లకు పంపు" అని గురువుగారు వెళ్లిపోయారు.

ఓడెక్కాల్సిన సరుకు కూలివాళ్ల ఇళ్లకా అని శెట్టి ప్రాణం ఉసూరుమంది. గురువాజ్ఞ, తప్పదు కదా! పంపాడు. మర్నాటి నుంచి కళ్లంలో ఒకటే రభస. "మా మనవరాలు ఉమ్మేసిందే! ఇసక కరకరలాడుతోంది. ఆ చాప దులిపిన మహాతల్లి ఎవత్తే?" అని పోలమ్మ, "మీ రసంలో పీచు సంగతో?" అని ఇంకొకామె. పదిరోజులకు వేలితో నొక్కి చూడనిదే పోలమ్మ పై పొర పోయనివ్వడం మానేసింది. ఓడ వచ్చేస్తోందే తల్లీ అని శెట్టి నెత్తి కొట్టుకున్నాడు. "వస్తే కూర్చోమనండి బాబూ. ఇంకా ఆర్లేదు" అంది.

ఓడ వచ్చింది. నాయకుడు ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని నములుతూ నిలబడ్డాడు. అతను ఇంకో ముక్క విరిచాడు, మూడోదీ విరిచాడు. ఆ పైన బుట్టలన్నీ ఎక్కించమన్నాడు. మూలన గుడ్డ కప్పిన నాలుగు బుట్టలు కనబడితే అవేమిటని అడిగాడు.

"మా ఇళ్లకండి" అంది పోలమ్మ.

"మీ ఇళ్లకు ఉంచుకున్నారంటే ఇంకా మంచివన్నమాట. అవీ కట్టండి!"

రెండూ ఒకటేనని శెట్టి ఎంత మొత్తుకున్నా అతను నమ్మలేదు. శెట్టి ఒక్క పరుగున గురువుగారి దగ్గరికి వచ్చిపడ్డాడు. సంతోషంతో మాట తడబడుతోంది. "స్వామీ, మా ఇళ్లలో తినేదే కావాలని పట్టుబట్టాడు!"

"పోలమ్మ ఇచ్చిందా?"

"చస్తే ఇవ్వనంది స్వామీ."

విశ్వంభరయ్యగారు నవ్వారు. "అయితే ఓడ మళ్లీ వస్తుంది."