బాదం గింజలో కందిరీగ

అనగనగా రత్నగిరి అని ఒక రాజ్యం. ఆ రాజ్యానికి గజకేతుడు రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఉగ్రసేనుడికి బలం ఎక్కువ. నడిమివాడు చిత్రసేనుడికి మాట ఎక్కువ. చిన్నవాడు మందారుడికి ఆలోచన ఎక్కువ.

ఒకనాడు ధూమకేశి అనే మాంత్రికుడు కొలువుకు వచ్చి, "రాజా, నీ రాజ్యంలో సగం నాకివ్వు" అన్నాడు.

రాజు నవ్వాడు. "అన్నం పెడతాను, బట్టలు పెడతాను. రాజ్యం పంచడానికి అది నా ఒక్కడిది కాదు కదా" అన్నాడు.

మాంత్రికుడు దీవిస్తున్నట్టు రాజు నెత్తిన చెయ్యి పెట్టి, ఏదో గొణుక్కుని వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి అవసరమైన దానికంటే ఎక్కువసేపు నెత్తి మీద ఉందని మందారుడికి ఒక్కడికే అనిపించింది.

మర్నాటి నుంచి రాజు మారిపోయాడు. రాణి చంపకవల్లి పాలు తెస్తే, "ఇందులో ఏం కలిపావు?" అని అడిగాడు. వంటవాణ్ణి మార్చాడు, కొత్తగా వచ్చినవాణ్ణీ మార్చాడు, ఆ తర్వాత వచ్చినవాణ్ణీ మార్చాడు. చివరికి తన చేత్తో కోసుకున్న పండ్లు తప్ప ఏమీ ముట్టడం మానేశాడు.

పెద్ద కొడుకు తాంబూలం తెచ్చాడు. రాజు కళ్ళకు ఆ చేతిలో తమలపాకులు కనపడలేదు, కత్తి కనపడింది. పెద్దవాణ్ణి చెరలో వేయించాడు. నడిమి కొడుకు వచ్చి, "ఒంట్లో ఎలా ఉంది నాన్నగారూ?" అన్నాడు. రాజు చెవులకు అది, "ఎప్పుడు పోతావు నాన్నా?" అని వినపడింది. నడిమివాణ్ణీ చెరలో వేయించాడు. రాణిని ఆమె మందిరంలోనే పెట్టి బయట తాళం వేయించాడు. మాఘ పౌర్ణమి నాడు కొడుకులిద్దరి తలలూ తీయించాలని ఆజ్ఞ ఇచ్చాడు.

అనుమానం గజ్జిలాంటిది. ఒకరికి వస్తే ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. కాపలావాళ్ళు ఒకరి వెనక ఒకరు నడవడం మానేసి పక్కపక్కన నడవసాగారు. మందారుడు కూడా గోడలకు వీపు ఆనించి కూర్చోవడం నేర్చుకున్నాడు. 'రేపు నా వంతు' అనుకుని, తెల్లవారేసరికి కోట దాటి వెళ్ళిపోయాడు. ధూమకేశి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉందని అతను జనం నోట విని ఉన్నాడు.

సముద్రపు ఒడ్డున ఒక పెద్ద తాబేలు ఎండ కాచుకుంటోంది. "ఎక్కు, దాటిస్తాను" అంది.

"నన్నెందుకు దాటిస్తావు? నడిసముద్రంలో ముంచడానికా?" అన్నాడు మందారుడు.

"ధూమకేశి నా గుడ్లన్నీ మంత్రాలకు వాడుకున్నాడు. నమ్మితే ఎక్కు, లేకపోతే నీ ఇష్టం."

మందారుడు ఎక్కాడు గానీ కత్తి ఒరలో పెట్టలేదు. పాల సముద్రం దాటారు, పెరుగు సముద్రం దాటారు, ఉప్పు సముద్రం దాటారు. ఏడూ దాటేదాకా అతను కన్ను మూయలేదు. తాబేలూ నొచ్చుకోలేదు.

అవతల ద్వీపంలో మాంత్రికుడి కోట ఖాళీగా ఉంది. లోపల ఇనుప పంజరంలో పచ్చని చిలక ఒకటే ఉంది. మందారుడు దాని మెడ పట్టుకున్నాడు.

"ఆగు నాయనా" అంది చిలక. "ప్రాణాలు చిలకల్లో దాస్తారని లోకమంతటికీ తెలిసిపోయిందని వాడు చోటు మార్చాడు. ఇప్పుడు వాడి ప్రాణం మీ నాన్న తలలో ఉంది."

"చావు తప్పించుకోవడానికి అబద్ధమాడుతున్నావు."

"ఆడుతున్నానేమో. పక్క దీవిలో వైద్యరాజు కూతురు విశల్య ఉంది. మనిషి తల లోపల ఏముందో ఆమెకు తెలుసు. నన్ను తీసుకెళ్ళి అడుగు. అబద్ధమైతే అక్కడే చంపు."

ఆ మాట బాగానే ఉందనిపించి, మందారుడు పంజరం పట్టుకుని పక్క దీవికి వెళ్ళాడు. విశల్య ఆకులు నూరుతోంది. అతను చెప్పిందంతా విని, ఒక అక్రోటు కాయ పగలగొట్టి అతని ముందు పెట్టింది.

"మెదడు పైకి ఇలాగే ముడతలు ముడతలుగా ఉంటుంది. ఆలోచన చేసేది ఈ పైభాగం. అసలు కథ లోతున ఉంది" అంది. "సరిగ్గా మధ్యలో ఒక చావడి ఉంది. కన్ను చూసిందీ, చెవి విన్నదీ ముందు ఆ చావడికి వచ్చి, అక్కడి నుంచి వెళ్ళవలసిన చోటికి వెళతాయి. దానికి కాస్త దిగువన, రెండు చెవుల వైపూ చెరొక బాదం గింజ ఉంటుంది."

"నిజం బాదమా?"

"కాదు, ఆ ఆకారంలో ఉండే మెదడు ముక్క. అది మనిషికి కావలివాడు. దారిలో తాడు కనపడితే, అది తాడా పామా అని నువ్వు ఆలోచించేలోపే కాలు వెనక్కి లాగించేది అదే. దాని పక్కనే సముద్రగుర్రం అనే చేపలా వంకర తిరిగిన ఇంకో ముక్క ఉంటుంది. జ్ఞాపకాలను కూర్చి పెట్టేది అది."

"వాడి ప్రాణం కందిరీగ రూపంలో ఆ బాదం గింజలో దూరింది" అంది చిలక. "చావడిలో వాడి మాయ కాపలా ఉంది. కంటి దారిన వచ్చేదాన్నీ, చెవి దారిన వచ్చేదాన్నీ అది విషం చేసి పంపుతుంది."

"అయితే ఆ గింజనే పెరికేస్తే?" అన్నాడు మందారుడు.

"భయం లేని మనిషి పాము నోట్లో చెయ్యి పెడతాడు" అంది విశల్య. "గింజ ఉండాలి, కందిరీగ పోవాలి. చావడిలోకి పోకుండా నేరుగా ఆ గింజ దగ్గరికి చేరే దారి ఒకటే ఉంది. అది ముక్కు. మీ నాన్నగారు ఏ భయమూ లేకుండా ఉన్న రోజుల వాసన ఏదో కనుక్కో."

ఆమె కూడా బయలుదేరింది. దారి పొడుగునా మందారుడికి ఒకటే ఆలోచన. ఈమే ధూమకేశి అయితే? వాసన పేరుతో నాన్నగారికి విషం పెడితే? చివరికి ఉండబట్టలేక అడిగేశాడు.

ఆమెకు కోపం రాలేదు. "ఏ పొగ వేసినా ముందు నేను పీలుస్తాను, తర్వాత నువ్వు పీల్చు. ఆ తర్వాతే మీ నాన్నగారికి" అంది. మందారుడు చాలా రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం తాబేలు వీపు మీద హాయిగా నిద్రపోయాడు.

రత్నగిరి చేరేసరికి మాఘ పౌర్ణమి ఉదయం. ఎవరినీ నమ్మని రాజు ధూమకేశిని మాత్రం నమ్మి పక్కన కూర్చోబెట్టుకున్నాడని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. మందారుడు తోట వైపు నుంచి తల్లి మందిరం కిటికీ దగ్గరికి చేరి, "అమ్మా" అన్నాడు.

"గొంతు మా అబ్బాయిదే. గొంతులు మార్చేవాళ్ళు ఊళ్ళోకి వచ్చారు" అంది రాణి. "చెయ్యి లోపలికి పెట్టు."

పెట్టాడు. చిన్నప్పుడు రోకలి కింద నలిగిన చిటికెన వేలిని ఆమె తడిమి చూసింది. తర్వాత ఆ చెయ్యి వదల్లేదు. అతను అడిగినదానికి ఆలోచించి, మూడు వాసనలు చెప్పింది.

కొలువులో రాజు సింహాసనం మీద ముడుచుకుని కూర్చున్నాడు. ఉగ్రసేనుణ్ణీ చిత్రసేనుణ్ణీ సంకెళ్ళతో తెచ్చి నిలబెట్టారు. రాజు వెనక కిటికీ కింద, బయట గాలి వచ్చే వైపు, మందారుడూ విశల్యా కూర్చున్నారు. పంజరంలోంచి వదిలిన చిలక కిటికీ చువ్వ మీద వాలింది. విశల్య పీల్చింది, మందారుడు పీల్చాడు, ఆ తర్వాతే వాసన లోపలికి వదిలారు.

మొదటిది పట్టాభిషేకం నాటి చందనం. రాజు కదల్లేదు.

రెండోది కాల్చిన మట్టి మీద నీళ్ళు చల్లితే వచ్చే తొలకరి వాసన. రాజు నొసటి ముడి కొంచెం సడలింది. ధూమకేశి వంగి, "ఎవరో కుట్ర చేస్తున్నారు మహారాజా" అన్నాడు. ముడి మళ్ళీ బిగుసుకుంది. తలారి కత్తి తీశాడు.

విశల్య నిప్పుల మీద సాంబ్రాణి వేసింది. మందారుడు దానికి నువ్వుల నూనె, సున్నిపిండి తగిలించాడు. నలుగు పెట్టి తలంటిన పసిబిడ్డ జుట్టుకు పొగ వేసేటప్పుడు ఇంట్లో వచ్చే వాసన అది. ముగ్గురు కొడుకుల్నీ స్నానం కాగానే ఒళ్ళో వేసుకుని, వాళ్ళకంటే ముందు తనే కునుకు తీసేవాడట ఆ రాజు.

పొగ లోపలికి వెళ్ళింది. రాజు ఊపిరి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. చేతులు ఒళ్ళోకి వచ్చి, లేని బిడ్డను పట్టుకున్నట్టు దోసిలి పట్టాయి.

"ఆపండి ఆ పొగ" అన్నాడు ధూమకేశి.

"ఉండనీ" అన్నాడు రాజు.

అంతలో ఆయన గట్టిగా తుమ్మాడు. ముక్కులోంచి నల్లని కందిరీగ ఒకటి మత్తుగా బయటపడింది. ధూమకేశి దానికోసం చెయ్యి చాపాడు. చిలక ఒక్క ఉదుటున వచ్చి, గింజ కొరికినట్టు దాన్ని కొరికేసింది. మాంత్రికుడు నిలుచున్నచోటే కూలి, గుప్పెడు బూడిద అయిపోయాడు.

రాజు కొడుకుల వైపు చూశాడు. సంకెళ్ళు కనపడ్డాయి. దిగివచ్చి తన చేతులతోనే విప్పబోయాడు. ఉగ్రసేనుడు గబుక్కున వెనక్కి జరిగాడు. రాజు చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"అన్నయ్యనూ మాంత్రికుడి మాయ పట్టిందా?" అని మందారుడు కిటికీలోంచి చూస్తూ భయంగా అడిగాడు.

"లేదు" అంది విశల్య. "వాళ్ళ తలల్లోని కావలివాళ్ళు ఇన్నాళ్ళూ చెరలో మేలుకుని ఉన్నారు. ఈ నాన్న ఆ నాన్న కాదని నేర్చుకోవడానికి కొన్నాళ్ళు పడుతుంది. దానికి పొగ లేదు."

అందుకని రాజు తొందరపడలేదు. రాణి మందిరం తాళం తనే తీసి, గడప బయటే నిలబడి, ఆమె రమ్మన్నాకే లోపలికి వెళ్ళాడు. రోజూ కొడుకులతో కలిసి భోజనానికి కూర్చునేవాడు. ప్రతి వంటకమూ ముందు తాను రుచి చూసి, వాళ్ళ విస్తళ్ళలో వడ్డించి, అందరి తర్వాతే తాను తినేవాడు. చిత్రసేనుడు ఉగాదికల్లా మాట్లాడాడు. ఉగ్రసేనుడు మాత్రం వానలు పడేదాకా మూగగానే తిన్నాడు. ఆ తర్వాత ఒకరోజు, "మీరు చల్లారిపోయింది తింటున్నారు నాన్నగారూ" అని తన విస్తరిలోని వేడి ముద్ద తీసి తండ్రికి పెట్టాడు.

ఆ నెలలోనే మందారుడికీ విశల్యకూ పెళ్ళి జరిగింది. తాబేలు ఏడు సముద్రాల నీళ్ళూ మంగళస్నానానికి తెచ్చింది. రాజు మందారుడికి పట్టం కట్టాడు. అన్నలు చెరొక పక్కన నిలబడితే అతను చాలాకాలం రాజ్యం ఏలాడు. అనుమానం వచ్చినప్పుడు మనసులో దాచుకోక, ఎదుటివాణ్ణి కూర్చోబెట్టి అడిగేవాడు. అడిగితే చెప్పేవాళ్ళు ఉన్న ఊళ్ళో అందరూ తలుపులు తెరుచుకుని నిద్రపోయారు. కథ అంతే, మీరూ హాయిగా పడుకోండి.