తానే ఎత్తుకున్న ఫోన్

గురువు ముందు చేతులు కట్టుకుని, సందు మలుపు తిరగ్గానే నోరు పారేసుకునే పెద్దమనిషీ, నిన్నే అంటున్నాను. లేచిపోకు, కూర్చుని విను.

ఆదోని దగ్గర ఒక కొండ కింద మారెప్ప తాత మఠం ఉండేది. పన్నెండేళ్లుగా ఆయన్ని కనిపెట్టుకుని ఉన్న శిష్యుడు ఉరుకుందప్ప. తాత చేతి బెత్తం, దాంతోపాటు మఠం పెత్తనం, రాబోయే అమావాస్యనాడు తనకే దక్కుతాయని అతని నమ్మకం.

తాతకు చేతులు వణుకు. ఫోన్ మోగితే పచ్చ గుర్తును జరపబోయి ఎర్ర గుర్తు మీద వేలు వేసేవాడు. కష్టంలో ఉండి ఫోన్ చేసినవాళ్లు, తాతకు కోపమొచ్చిందేమోనని ఏడ్చేవాళ్లు. ఒకరోజు ఉరుకుందప్ప ఆ ఫోన్ తీసుకుని సెట్టింగుల్లోకి పోయి మార్చాడు.

“ఇంక నువ్వు వేలు కదపనక్కర్లేదు తాతా. మూడుసార్లు మోగితే అదే ఎత్తుకుంటుంది. మాట పెద్దగా బయటికే వినపడుతుంది.”

“నాకు చెప్పకుండానే ఎత్తుతుందా?”

“ఆఁ. ఎవరు పెట్టినారనుకున్నావ్ మరి!”

“కానీలే. దాచేదేమీ లేనోని ఇంటికి గడియెందుకు?” అన్నాడు తాత.

అమావాస్య వచ్చింది. జనం ఎక్కువై పిండి చాలకపోతే ఉరుకుందప్ప సుంకన్న ఆటోలో బజారుకు పోయాడు. ఎంత తేవాలో అడుగుదామని తాతకు ఫోన్ చేశాడు. ఆ రొదలో వినపడదని స్పీకర్ పెట్టాడు.

మఠంలో అది మౌనం వేళ. ఆ గంటసేపు అక్కడ ఎవరూ నోరు విప్పరు. తాత ఒళ్లో ఫోన్ మూడుసార్లు మోగి, తానే ఎత్తుకుంది. ఎవరూ పలకలేదు. మౌనం వేళనూ, తాను మార్చిన సెట్టింగునూ హడావిడిలో మరిచిన ఉరుకుందప్ప, ఎవరూ ఎత్తలేదనుకుని ఫోన్ ఆపకుండానే జేబులో పడేశాడు.

“ముసలాయనకు చేతులు పోయినాయి, ఇప్పుడు చెవులూ పోయినట్టుండాయి సుంకన్నా.”

మఠంలో వచ్చినవాళ్లందరికీ జొన్నరొట్టెలు తడుతున్న హనుమక్క చెయ్యి ఆగిపోయింది.

“బెత్తం నా చేతికి రానీ. రేపే ఆయన మంచం పశువుల కొట్టంలో ఏయిస్తా. ఆ హనుమక్క ఉండాదే, తేరగా తినేకి చేరింది, దాన్ని బయటికి నూకి గేటుకు తాళమేస్తా.”

“తప్పు కదన్నా, పెద్దాయన!” సుంకన్న గొంతు.

“పెద్దాయనంట! నేను మోస్తే నిలబడినోడు. వదిలితే పడతాడు.”

కూర్చున్న జనమంతా తాత ఒళ్లోని ఫోన్ వైపు తిరిగారు. హనుమక్క పరుగున వచ్చి ఫోన్ ఆపబోయింది. తాత వణికే చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. బజారు రొద, ఆటో చప్పుడు, శిష్యుడి నవ్వు, అన్నీ విన్నాడు.

పిండి బస్తా మోసుకుని ఉరుకుందప్ప లోపలికొచ్చాడు. మౌనం ముగిసిన గంట ఎప్పుడో కొట్టారు. అయినా ఎవరూ మాట్లాడటం లేదు.

“ఏం తాతా, ఫోన్ ఎత్తలేదు?”

“ఎత్తింది నాయనా.”

ఆ మాట రెండుసార్లు వినబడింది. ఒకసారి ఎదురుగా. ఇంకోసారి ఉరుకుందప్ప చొక్కా జేబులోంచి.

బస్తా జారి కుట్లు విడిపోయాయి. తేలు కుట్టినవాడిలా జేబు పట్టుకుని, ఆ పిండిలోనే నిలబడిపోయాడు.

తాత తిట్టలేదు. బెత్తం తీసి హనుమక్క చేతిలో పెట్టాడు.

“నాకెందుకు తాతా?”

“నువ్వు గేటుకు తాళమెయ్యవు గదమ్మా.”

ఉరుకుందప్పను పొమ్మని ఎవరూ అనలేదు. పన్నెండేళ్ల సేవకు అతనికి పశువుల కొట్టం మిగిలింది. చచ్చేదాకా అక్కడే పేడ ఎత్తాడు. ఆ అమావాస్య తరువాత అతనికి ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు.